దాలయ్య గారి 'ఏటి'

కోవిడ్ తర్వాత కళాశాలలు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో, టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసరుగా, శాఖాధిపతిగా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అదే ఆఖరి మజిలీ. నేను పుట్టి పెరిగింది దివిసీమలో, పాఠాలు చెప్పింది ఎక్కువగా విశాఖపట్నంలో. ఇక్కడ పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి ఇంటి మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. వెనక వీధిలో జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉండేది. ఉతికి ఆరేసిన చీరలన్నీ ఆ వాసన పట్టేవి. మొదట్లో విసుక్కున్నాను, తర్వాత అలవాటైపోయింది.

శాఖాధిపతికి పాఠాలతో పాటు పరిశోధక విద్యార్థుల పర్యవేక్షణ కూడా ఉంటుంది. అలా నా దగ్గరికి వచ్చిన మనిషి ఢిల్లీశ్వరి. మా శాఖలోనే అసిస్టెంట్ ప్రొఫెసర్, ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీకి నమోదయింది. సోంపేట దాటి బారువ వైపు ఉద్దానం పల్లెలో కొబ్బరి రైతుల బిడ్డ. ఇంట్లో తండ్రి దాలయ్య గారు, తల్లి నీలమ్మ, తనూ. రోజూ పలాస దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. మాట మెత్తన, లెక్కల్లో మాత్రం మొండిఘటం. పేరులోనే ఢిల్లీ ఉంది, ఎప్పటికైనా అక్కడికే పోతావు అని నేను ఆటపట్టిస్తే, తమ జిల్లాలో వీధికొక ఢిల్లీశ్వరీ ఒక ఢిల్లీశ్వరరావూ ఉంటారని, అందరూ బయల్దేరితే రైళ్ళు చాలవని జవాబిచ్చింది.

ఆమె పరిశోధన అంశం 'అనేక వర్గాల ఆన్‌లైన్ లెర్నింగ్'. ఈ పేరు తెచ్చిపెట్టిన తంటా అంతా ఇంతా కాదు. ఆ రోజుల్లో ఆన్‌లైన్ అంటే ఫోన్లో పాఠాలే. యాజమాన్యం ఆమెను డిజిటల్ క్లాసుల కమిటీలో వేసింది. ఊళ్ళోవాళ్ళు పిల్లల ఫోన్లలో పాఠం ఆగిపోతోందని వాటిని ఆమె ఇంటికి తెచ్చేవారట. అసలు సంగతి వేరు. మా శాస్త్రంలో ఆన్‌లైన్ అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, వచ్చినవి వచ్చినట్టు నేర్చుకోవడం. ఒక వస్తువు ముందుకొస్తుంది. అభ్యాసకుడు అది ఏ వర్గానిదో ఊహించి చెబుతాడు. తప్పో ఒప్పో గురువు చెబుతాడు. తర్వాతి వస్తువు వస్తుంది. దీన్ని ఒక వరుస అంటాం. అభ్యాసకుడంటే మనిషే కానక్కరలేదు, కంప్యూటర్లో నడిచే ఒక పద్ధతి అయినా సరే. ఎన్ని వరుసలు నడిచినా మొత్తం తప్పులు ఒక హద్దు దాటవని రుజువు చేయడం మా పని. పలాసవాళ్ళకు చెప్పాలంటే, జీడిపప్పు గ్రేడింగుకు కొత్తగా చేరిన మనిషి పని వచ్చేలోపు ఎన్ని గింజలు తప్పు పళ్ళెంలో వేస్తుందో ముందే లెక్క కట్టడం లాంటిది.

పళ్ళేలు రెండే ఉంటే చిక్కు లేదు. 'ఇది కాదు' అన్నారంటే రెండోదే. పళ్ళేలు చాలా ఉంటే 'కాదు' అన్న మాట దాదాపు ఏమీ చెప్పదు. సరైన పళ్ళెం ఏదో గురువు చూపించేస్తే అభ్యాసకుడు త్వరగా తేరుకుంటాడు. అలా చూపించకుండా అవును, కాదు అని మాత్రమే అంటే ఒక్కో తప్పు నుంచి నేర్చుకునేది బహు స్వల్పం. ఈ అవును-కాదు పద్ధతిలో తప్పులు ఎంత పెరుగుతాయి, ఆ పెరుగుదలను ఎలా అదుపు చేయాలి అన్నదే ఢిల్లీశ్వరి సిద్ధాంత గ్రంథం. బోర్డు మీద అది చాలా అందమైన ప్రశ్న.

మరుసటి ఏడాది ఎండలు ముదురుతుండగా దాలయ్య గారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. విశాఖ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక తేలింది, ఎదుటివాళ్ళు చెప్పేది ఆయనకు అర్థమవుతోంది, తన మాటే రావడం లేదని. ఇలాంటి రోగుల్లో కొందరికి ఒక్క మాట మిగిలిపోతుందని, ఏం చెప్పబోయినా అదే నోట వస్తుందని డాక్టరు చెప్పారట. దాలయ్య గారికి మిగిలిన మాట 'ఏటి'. మనం 'ఏమిటి' అనేదాన్ని ఇక్కడివాళ్ళు 'ఏటి' అంటారు.

ఇదంతా నాకు తెలిసింది ప్రగతి నివేదిక దగ్గర. పార్ట్‌టైమ్ విద్యార్థులు ఆరు నెలలకోసారి తాము చేసిన పని రాసి గైడు సంతకం తీసుకోవాలి, ఆ పైన సమీక్షా కమిటీ ముందు సెమినార్ ఇవ్వాలి. ఢిల్లీశ్వరి తెచ్చిన నివేదికలో కొత్త ముక్క ఒక్కటీ లేదు. అంత పట్టుదల గల మనిషికి ఏమైందని అడిగాను.

"మా ఇంట్లో పొద్దస్తమానం అవును-కాదే మేడమ్" అంది. "ఇక్కడికొచ్చి మళ్ళా అదే రాయలేకపోతన్నాను."

అప్పుడు కూర్చోబెట్టి అడిగితే వివరంగా చెప్పింది. దాలయ్య గారికి ఏదో కావాలి. 'ఏటి' అంటారు. భార్యా కూతురూ ఊహించాలి. నీళ్ళా? అంబలా? ఫ్యానా? పక్కకి తిప్పాలా? అవునైతే ఎడమ చెయ్యి కొంచెం పైకి లేపుతారు. కాదైతే మొహం గోడవైపు తిప్పుకుంటారు. వరసగా కొన్ని తప్పులు పడ్డాయంటే కళ్ళు మూసేసుకుంటారు. ఆ తర్వాత మంచినీళ్ళు ఇచ్చినా పెదవి విప్పరు. మేము బోర్డు మీద రుజువు చేసే తప్పుల హద్దును ఆ ఇంట్లో ఆయన ఓపిక నిర్ణయిస్తోంది.

నీలమ్మ గారు ప్రేమ కొద్దీ నోటికొచ్చినట్టల్లా అడిగేవారు. ఢిల్లీశ్వరి ఆ అడిగే తీరు మార్చింది. ఒక్కొక్కటీ కాకుండా గుంపులుగా అడగడం. ముందు ఏ గుంపో తేలితే ఆ తర్వాత దాని లోపలికి వెళ్ళడం. లెక్క తెలిసిన ఎవరైనా చేసేదే, కానీ గుంపులకు పేర్లు పెట్టింది నీలమ్మ గారు. "నోటికా? ఒంటికా? మడుసులకా?" అని అడిగేవారు. తిండి, నీళ్ళు, మందులు నోటికి. తిప్పడం, గోకడం, ఫ్యాను, దుప్పటి ఒంటికి. ఎవరినైనా పిలవాలంటే మనుషులకి. ఈ మూడింటితో ఇల్లు కుదుటపడింది. దాలయ్య గారు రెండు పూటలా తినసాగారు. అది విని నేను సంతోషించాను, ఇది నీ మొదటి అధ్యాయానికి ఉదాహరణగా పనికొస్తుంది అని కూడా అన్నాను. ఢిల్లీశ్వరి నవ్వలేదు.

కుదరనిది ఒకటి ఉంది. పొద్దు వాలే వేళకు ఆయన 'ఏటి' అనడం మొదలుపెట్టేవారు. నోటికా అంటే గోడవైపు. ఒంటికా అంటే గోడవైపు. మనుషులకా అన్నా గోడవైపే. మూడు గుంపులూ అయిపోయాక అడగడానికి ఇంకేమీ ఉండదు. ఆయన మాత్రం మళ్ళీ 'ఏటి' అంటారు. ఏదో సవ్వడి విని ఏమిటది అని అడుగుతున్నారనుకుని నీలమ్మ గారు ఓదార్చేవారు, "ఏటీ నేదు మావా, తొంగో" అని. ఆయన కళ్ళు మూసేసుకునేవారు. మొదట్లో ఆ రాత్రి భోజనం ఒక్కటే మానేవారు. పోను పోను మర్నాటి పొద్దుట కూడా నోరు తెరవడం మానేశారు. మనిషి చిక్కిపోతుంటే డాక్టరు ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందన్నారు. ఇంకో వారం చూద్దామని గడువు పెట్టారు. గొట్టం పేరెత్తితే నీలమ్మ గారు వణికిపోయేవారట. గొట్టం పడ్డాక ఇక ఆయన ఏదీ అడగరని ఆవిడ భయం. అడగడం మానేశాక ఆయన తనకు దక్కరని కూడా.

ఆ వారంలోనే ఢిల్లీశ్వరి సెలవు పెట్టేసింది. సెమినార్‌కు రాలేనని, పీహెచ్‌డీ వదిలేస్తానని ఫోన్లో చెప్పింది. సెమినార్ తప్పితే నమోదు రద్దవుతుంది, అయితే గైడు సిఫార్సు చేస్తే ఒకసారి వాయిదా వేసే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. ఆ మాట నేరుగా చెప్పి, పెద్దాయన్ని కూడా చూసి వద్దామని ఆదివారం బయల్దేరాను. సోంపేటలో దిగి ఆటో పట్టుకున్నాను. రోడ్డుకు ఇరువైపులా తిత్లీ తుఫానుకు కూలిన కొబ్బరితోటల స్థానంలో కొత్తగా వేసిన మొక్కలు కనిపించాయి, కొన్ని నడుమెత్తు, కొన్ని మోకాలెత్తు.

దాలయ్య గారు వరండాలో మంచం మీద ఉన్నారు. పొడుగాటి మనిషి. ఎండకు కాగిన మొహంలో బుగ్గలు లోతుకు పోయాయి. నన్ను చూసి మర్యాదగా లేవబోయారు, ఒళ్ళు సహకరించలేదు. నీలమ్మ గారు బోండాం కొట్టి ఇచ్చారు. "ఏమిటండీ, ఎలా ఉన్నారు?" అని పలకరించాను.

ఆయన "ఏటి" అన్నారు.

మీ ఏమిటే మాకు ఏటి అమ్మా అని నీలమ్మ గారు సర్దిచెప్పారు. ఆ పెద్దావిడ మొహంలో కొంచెం నవ్వు చూద్దామని నేను వాగుడు మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు అటెండరు వచ్చి "మీకేటి కావాల మేడమ్" అంటే, ఏటి నీళ్ళు ఎందుకయ్యా, కుళాయి నీళ్ళు చాలు అన్నానని చెప్పాను. మా కృష్ణా తీరం వాళ్ళకు ఏటి అంటే ఏరుకు సంబంధించినదే, ఏటి నీళ్ళు, ఏటి ఇసుక, ఏటిగట్టు, ఇంకో అర్థం తెలియదని చెప్పాను. నీలమ్మ గారు నిజంగానే నవ్వారు. నేను ఆవిడనే చూస్తున్నాను కాబట్టి మంచం వైపు చూడలేదు.

చూసింది ఢిల్లీశ్వరి. రెండు నెలలుగా ఆ ఎడమచేతి కోసం కనిపెట్టుకుని ఉన్న మనిషి. గ్లాసు కింద పెట్టి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా, ఏరు గురించా?" అంది.

చెయ్యి లేచే ఉంది. దించలేదు.

"ఏటిగట్టు? మన దిగువ తోటా?"

చెయ్యి ఇంకొంచెం పైకి లేచింది. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. ఎడమ చేత్తోనే కూతురి నెత్తి మీద రెండుసార్లు తట్టారు.

తర్వాత తల్లీకూతుళ్ళు నాకు అర్థమయ్యేలా చెప్పారు. మహేంద్రతనయ నది గట్టున వాళ్ళకు చిన్న తోట ఉంది. తుఫాను ఆ తోటలో ఒక్క చెట్టూ మిగల్చలేదు. తర్వాత దాలయ్య గారే మొక్కలు తెచ్చి నాటారు. ఇంట్లో అందరూ దాన్ని దిగువ తోట అంటారు, ఆయన ఒక్కరే ఏటిగట్టు అంటారు. వేసవిలో రోజూ పొద్దు వాలే వేళకు ఇసుకలో చెలమ తోడి, బిందెతో మొక్కలకు నీళ్ళు పోసేది ఆయనే. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆయన పడిపోయాక ఆసుపత్రి హడావిడిలో అటు వెళ్ళినవాళ్ళు లేరు. మంచం మీద నుంచి ఆయన అడుగుతున్నది ఒక్కటే, మొక్కలకు నీళ్ళు పోశారా అని. ఇంకే జిల్లాలోనైనా 'ఏటి' అంటే ఎవరో ఒకరు ఏరు వైపు చూసేవారేమో. ఇక్కడ అందరికీ అది ప్రశ్న.

నీలమ్మ గారు స్తంభం పట్టుకుని నిలబడిపోయారు. "రోజూ ఏటీ నేదు, ఏటీ నేదు అన్నాను గదమ్మా" అన్నారు నాతో. "తోటని తుపాను ముందే మింగీసింది. మల్లా ఏరూ నేదు, తోటా నేదు అన్నట్టు ఇనపడిందో ఏటో ఆ మనిసికి." ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

పక్కింటి ఆటోలో దిండ్లు వేసి ఆయన్ని కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. తోటలో కొన్ని మొక్కలు పూర్తిగా ఎండిపోయాయి. చాలావాటికి బయటి మట్టలు పసుపెక్కాయి కానీ నడుమ మొలిచే మొవ్వు పచ్చగానే ఉంది. మొవ్వు పచ్చగా ఉంటే మొక్క బతుకుతుంది. ఢిల్లీశ్వరి బిందె అందుకోబోతే నీలమ్మ గారు ఇవ్వలేదు. కొంగు దోపుకుని చెలమ దగ్గరికి తానే వెళ్ళారు. దాలయ్య గారు ఆటోలోంచి ఎడమ చెయ్యి చాపి చూపిస్తున్నారు. ఆవిడ ఒక మొక్క దగ్గర ఆగితే మొహం తిప్పుకునేవారు, ఇంకో దాని దగ్గర ఆగితే చెయ్యి లేపేవారు. అక్కడా అవును-కాదే. కానీ ఎన్నిసార్లు తప్పినా ఆయనకు విసుగు రాలేదు, కళ్ళు మూసుకోలేదు. ఆ రాత్రి అంబలి తాగారని, పొద్దున్నే ఇడ్లీ తిన్నారని మర్నాడు ఢిల్లీశ్వరి ఫోన్ చేసింది. గొట్టం అవసరం పడలేదు.

సెమినార్ వాయిదా పడింది, నమోదు నిలిచింది. ఆమె తిరిగి వచ్చాక మేమిద్దరం బోర్డు ముందు నిలబడి ఇదే మాట్లాడుకున్నాం. మా రుజువులన్నీ ఒక ఊహ మీద నిలబడతాయి, సరైన సమాధానం మన జాబితాలో ఎక్కడో ఉందని. ఆ ఊహ ఉంటేనే ప్రతి 'కాదు' మనల్ని సమాధానానికి దగ్గర చేస్తుంది. జాబితా అంతటికీ 'కాదు' వచ్చిందంటే తప్పు గురువుది కాదు, జాబితాది. ఇంట్లో అప్పటికే వాళ్ళు పద్ధతి మార్చుకున్నారు. నోటికా ఒంటికా అనేముందు నీలమ్మ గారు ఇంకో ప్రశ్న చేర్చారు. "మాకు తెల్సిందా, తెల్నిదా?" తెలియనిది అన్నప్పుడు గుంపుల జోలికి పోకుండా ఆయన చూపు ఎటుందో చూసేవారు, ఇంటి చుట్టుపక్కల సంగతులు చెబుతూ చేతి కోసం కనిపెట్టేవారు. ఇందువల్ల రోజూ ప్రతిసారీ ఒక ప్రశ్న ఎక్కువ పడుతుంది. ఢిల్లీశ్వరి దీన్నే తన గ్రంథంలో 'ఇవేవీ కావు' అనే అదనపు వర్గంగా రాసింది. ఒక్క వర్గం పెరిగినందుకు తప్పుల హద్దు పెరిగేది కొద్దిగానేనని రుజువు చేసింది. దాని చివర చిన్న విభాగం చేర్చింది, అభ్యాసకుడికి ఏ వర్గం పేరూ చెప్పకుండా ఊరుకునే అవకాశం కూడా ఇస్తే ఏమవుతుందని.

మౌఖిక పరీక్షకు బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ విభాగం దగ్గర ఆగారు. మన శాస్త్రంలో ప్రతి వరుసలోనూ అభ్యాసకుడు ఏదో ఒక పేరు చెప్పి తీరాలి, ఊరుకోవడం తప్పించుకోవడమే కదా అన్నారు. మౌనానికి కూడా తప్పుల లెక్కలో కొంత ఖర్చు వేస్తామని, లేకపోతే అభ్యాసకుడు ఎప్పుడూ ఊరుకునే ఉంటాడని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఆ విభాగాన్ని అనుబంధంలోకి మార్చమన్నారు. మార్చింది. పట్టా వచ్చింది. ఆ సాయంత్రం దాలయ్య గారికి చెబితే చెయ్యి లేపి చాలాసేపు దించలేదట.

ఆ తర్వాతి వానాకాలంలో ఆయన పోయారు. కర్మలు ముగించి ఉద్యోగంలో చేరిన రోజున ఢిల్లీశ్వరి నా గదికి వచ్చి చివరి రోజు సంగతి చెప్పింది. మధ్యాహ్నం కళ్ళు తెరిచి 'ఏటి' అన్నారట. ఏరు నిండుగా పారుతోంది, మొక్కలు బాగున్నాయి అని ముందు చెప్పారు. మొహం గోడవైపు తిరిగింది. అప్పుడు నీలమ్మ గారు ఎప్పటిలాగే అడిగారు, తెలిసిందా, తెలియనిదా అని. తెలియనిది అన్నప్పుడు చెయ్యి లేచింది.

"మా అమ్మ ఇంకేటీ అడగలేదు మేడమ్" అంది ఢిల్లీశ్వరి. "సరే మావా అంది. లేచిన సేతిని అలగే తన ఒళ్ళో పెట్టుకుని కూకుంది. నాన్న మల్లా గోడవైపు తిరగలేదు."

నా పదవీ విరమణకు అప్పటికి ఒక్క ఏడాది మిగిలింది. ప్రతి వరుసలోనూ ఏదో ఒక పేరు చెప్పి తీరాలన్న నియమాన్ని ఆ ఏడాది నా పాఠం నుంచి తీసేశాను. అనుబంధంలో ఉన్న విభాగాన్ని పాఠంలోకి తెచ్చుకున్నాను. తెలియనప్పుడు అభ్యాసకుడు ఊరుకోవచ్చు. మౌనానికి కొంత ఖర్చు ఉంటుంది, అది తప్పు కంటే తక్కువ.